కడుపులో కొండ

ఎనభైల నడుమ, ఒక కంపెనీ ఇనుప ఖనిజం తవ్వుకునే కిరందుల్ టౌన్‌షిప్‌లో నిబంధనలకు కొదవ లేదు. గోడల మీద హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి పెద్దపెద్ద అక్షరాలతో రాయించి ఉండేవి కాబట్టి వాటిని ఎవరూ చదివేవారు కాదు. ఎక్కడా రాయని చట్టం మాత్రం ఒకటుండేది. దాన్ని చేసినది పైడమ్మ. ఆవిడ ఉండే క్వార్టర్ల వరసలో పలకా బలపం పట్టినవాళ్ళూ, ఇంకా పట్టనివాళ్ళూ దాన్ని తు.చ. తప్పకుండా పాటించేవారు.

ఆ చట్టం ఇది. ఎర్రగా ఉన్నదేదీ నోట్లో పెట్టకూడదు. పెడితే కడుపులో కొండ పుడుతుంది. కొండ పుడితే కంపెనీ వస్తుంది. కంపెనీ వచ్చి ముందు డ్రిల్లు వేస్తుంది, తర్వాత మందు పెట్టి పేలుస్తుంది.

దాని అమలుకు ప్రత్యేకంగా ఎవరినీ నియమించవలసిన పని లేకపోయింది. ప్రతి మధ్యాహ్నం కొండ మీద సైరన్ మోగేది, ఆ వెనకే బ్లాస్టింగ్ జరిగేది. కిటికీ రెక్కలు గలగలలాడేవి. అన్నం తింటున్న పిల్లలు చెయ్యి ఆపి, ఎవరి పొట్ట వాళ్ళు తడుముకుని, అక్కడ ఏమీ మొలవలేదని రూఢి చేసుకుని మళ్ళీ ముద్ద ఎత్తేవారు.

పైడమ్మ దాన్ని సరదాకి చేయలేదు. బైలాడీలా కొండల కింద ఉన్న ఆ ఊళ్ళో ఎరుపును ఎవరూ రంగుల్లో లెక్కవేసేవారు కారు. ఎండా వానా లాగా అదీ ఒక వాతావరణం. ఆరేసిన తెల్లచీర సాయంత్రం తీసేసరికి వేరే చీరయ్యేది. షిఫ్టు బస్సు దిగిన మగవాళ్ళను పెళ్ళాలు గొంతును బట్టి పోల్చుకునేవారు. పిల్లలు పాకేదీ ఆ దుమ్ములోనే, పొర్లేదీ అందులోనే. లోడింగ్ ప్లాంటులో హెల్పరు ఆయతు కూతురు బుధ్రి పసితనంలో ఒకరోజు గూడ్సు రైలు ఆగే సైడింగు పక్కన రాలిన ఖనిజం పొడిని పిండివంట అనుకుని గుప్పెళ్ళతో తినేసింది. ఆస్పత్రిలో సెలైను పెట్టారు. బయట బెంచీ మీద దాని తల్లి ఇర్మె గోండిలో ఏడుస్తుంటే, పక్కన కూర్చుని పైడమ్మ తెలుగులో ఏడ్చింది. పిల్ల లేచి తిరిగిన నాడు పైడమ్మ వరసలోని పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టి చట్టం చేసేసింది. చర్చ జరగలేదు. సవరణలెవరూ ప్రతిపాదించలేదు. బుధ్రితో సహా అందరూ ఆమోదించారు.

ఈ శాసనకర్త స్వస్థలం బొబ్బిలి దగ్గర ఒక పల్లె. మొగుడు రైలు పట్టాల గ్యాంగులో పనిచేసి పోయాడు. కొడుకు సత్యమూర్తికి కొండ మీద డంపరు తోలే ఉద్యోగం వచ్చాక, బట్టల మూటా కత్తిపీటా పట్టుకుని కొండల్ని తొలుచుకుంటూ కిరందుల్ వచ్చే రైలెక్కింది. సొరంగం వచ్చినప్పుడల్లా కత్తిపీటను గట్టిగా పట్టుకుంది. దిగాక దానితో పని పడలేదు. కోడలు జయ మంచి పిల్ల. ఆ మంచితనంలో భాగంగానే అత్తగారిని వంటింట్లో అడుగు పెట్టనిచ్చేది కాదు.

"మీరు కూర్చోండి అత్తయ్యా. జన్మంతా చేశారు, ఇంక చాలు" అనేది.

పైడమ్మ కూర్చుంది. కూర్చోవడంలో ఉన్న సుఖం మొదటి వారంలోనే అయిపోయింది. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు కూర్చుంది. పులుసు పొంగుతున్న వాసన వచ్చినా లేవకూడదు. పోపు మాడుతున్న చప్పుడు వినిపించినా పిలవకూడదు. మనిషికి తిండి లేకపోతే లోకం జాలిపడుతుంది, పొయ్యి లేకపోతే మాత్రం అదృష్టవంతురాలు అంటుంది.

కాబట్టి ఆఫీసర్ల భార్యలు నడిపే మహిళా సమితి, తన బాలవాడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే మనిషి కావాలన్నప్పుడు, పైడమ్మ ఎవరికీ చెప్పకుండా వెళ్ళి కుదిరిపోయింది. సత్యమూర్తి ఇంట్లో చిన్న బ్లాస్టింగే చేశాడు.

"అమ్మా, నువ్వు వంటకి పోతే కొండ మీద నేను తలెత్తుకోడానికుండదు."

"తలెత్తుకోకు నాయనా. నెత్తి మీద టోపీ ఉంటాది కదా, అలగే వంచుకుని బండి తోలుకో."

బాలవాడి వంటిల్లు ఒక రేకుల షెడ్డు. కట్టెల పొయ్యి, పొగ, మసిపట్టిన పెద్ద డేగిసా. గ్యాసు లేదు, కుక్కరు లేదు, కోడలు లేదు. ఈ ఊళ్ళో కూరలో ఉప్పెంత వెయ్యాలో పైడమ్మ మాట చెల్లే చోటు అదొక్కటే. దాన్ని ఎవరైనా లాక్కుంటారేమో అన్నదొక్కటే ఆమెకున్న భయం.

అది భయపడదగిన సంగతే. ఎందుకంటే ఆ పిల్లలు తినరు.

వాళ్ళ తండ్రులు స్క్రీనింగ్ ప్లాంటులో ఖనిజాన్ని పెద్దముక్క వేరు, పొడి వేరు చేసి పంపే పనివాళ్ళు. ఆ విద్య పిల్లలకు పుట్టుకతోనే వచ్చింది. పప్పన్నం పెడితే అందులోంచి కరివేపాకు ఒక గుట్ట, ఉల్లిపాయ ఒక గుట్ట, మిరపగింజలు ఒక గుట్ట తీసి కంచం అంచున పేర్చేవారు. డ్రిల్లు ఆపరేటరు కొడుకు సింహాచలం ఇంకా నిష్ఠాపరుడు. అన్నానికి కూర ఎంతమేర తగిలితే అంతమేర అన్నాన్ని వెలివేసేవాడు. బుధ్రి ఇప్పుడు ఐదేళ్ళది. తను వేరు చెయ్యడమే కాక పక్కవాళ్ళ కంచాలు కూడా తనిఖీ చేసేది.

ఆ ఏడు చలి మొదలవగానే ఒక డాక్టరు వచ్చి బాలవాడి పిల్లల కళ్ళూ నాలుకలూ చూసి, వీళ్ళకి ఇనుము చాలడం లేదన్నాడు. సమితి ప్రెసిడెంటు కాత్యాయని గారికి ఈ మాట చాలా తగిలింది. ఆవిడ భర్త చక్రధరరావు గారు ఖనిజంలో ఇనుమెంత ఉందో పరీక్షించే విభాగంలోనే పెద్ద ఆఫీసరు.

"మన కొండ జపాను దాకా ఇనుము పంపిస్తోంది పైడమ్మా, మన పిల్లల ఒంట్లో లేదట" అన్నారావిడ షెడ్డు గుమ్మంలో నిలబడి.

"అయితే ఆ జపానోళ్ళకి కాస్త తగ్గించీమనండి అమ్మగారూ."

కాత్యాయని గారు నవ్వలేదు. ఆవిడకీ ఒక సిద్ధాంతం ఉంది. అది వాళ్ళ అమ్మగారి నుంచి, ఆవిడకి వాళ్ళ అమ్మగారి నుంచి వచ్చింది. ఎర్రనిది తింటే రక్తం పడుతుంది. ఎంత ఎర్రగా ఉంటే అంత రక్తం. చలికాలం సంతలో ఎరుపుకు లోటేముంది? టమాటాలు కుప్పలు, జగదల్‌పూర్ నుంచి లారీలో వచ్చే ఎర్ర క్యారెట్లు, బీట్‌రూట్లు, ఇక్కడివాళ్ళు లాల్ భాజీ అనే ఎర్రతోటకూర. రోజుకొక ఎర్రకూర వండమని ఆదేశించి ఆవిడ గొంతు తగ్గించారు.

"చూడు, కంచాలు ఇలా నిండుగా వెనక్కొస్తూంటే కమిటీలో వాళ్ళు నన్ను అడుగుతున్నారు. ఈ వంటగది దండగ, బేకరీ నుంచి రొట్టె తెప్పించి పంచేద్దాం అంటున్నారు. నేనే ఆపాను. ఈ చలికాలం చూద్దామన్నాను."

ఆ విధంగా ఒకే షెడ్డులో రెండు చట్టాలు తలపడ్డాయి. ఎరుపు తింటే రక్తం, ఎరుపు తింటే కొండ.

మర్నాడు క్యారెట్టు కూర. పైడమ్మ ముక్కలు చక్రాల్లా తరిగి, కొబ్బరి కోరు వేసి, మెత్తగా మగ్గించింది. ఘుమఘుమలాడింది. కంచంలో పడగానే బుధ్రి వంగి చూసింది.

"మామ్మా, యే తో లాల్ హై. ఎర్రది."

"క్యారెట్టే అది. తియ్యగుంటాది. తినమ్మా."

"నువ్వే చెప్పావు."

"నానేటి సెప్పినాను?"

"కొండ."

అదే సమయానికి కొండ మీద సైరన్ మోగింది. పిల్లలంతా పొట్టలు పట్టుకున్నారు. ఆ పూట క్యారెట్టు చక్రాలు కంచాల అంచుల మీద బహు అందమైన గుట్టలుగా మిగిలాయి. సింహాచలం తన కంచాన్నే బహిష్కరించి చేతిలో ఉప్పు వేసుకుని నాకాడు.

చట్టాన్ని రద్దు చేస్తే పోదా అని పైడమ్మకి తోచకపోలేదు. పిల్లల్ని కూర్చోబెట్టి, అదంతా ఉత్తిదేనర్రా, కడుపులో కొండా లేదు గిండా లేదు అనేస్తే సరి. కానీ సైడింగు పక్కన పొడి గుట్టలు అలాగే ఉన్నాయి. వానాకాలంలో ఎర్రగా పారే వాగు అలాగే ఉంది. కొండ ఉత్తిదైతే అవన్నీ మంచివే అయిపోతాయి. అయిదేళ్ళవాళ్ళకి సగం అబద్ధం, ముప్పావు అబద్ధం అంటూ ఉండవు.

బాలవాడి టీచరు సమ్మక్క భోపాల్‌పట్నం పిల్ల, చురుకైనది. పైడమ్మ డేగిసా తోముతూ గోడు వెళ్ళబోసుకుంటే నవ్వింది.

"ఏంది పెద్దమ్మా, గింత చిన్న ముచ్చటకు గింత రంధా? మీరు కొండలు, కంపెనీలు అని బెదిరిస్తిరి. నేను సైన్సు జెప్త. పిల్లలు సైన్సు అయితే వింటరు."

"సెప్పమ్మా. నీ నోట మంచిమాట రావాల."

సమ్మక్క బోర్డు మీద క్యారెట్టు బొమ్మ వేసి, ఎర్రకూరల్లో ఇనుము ఉంటదనీ, ఇనుము తింటే బలం వస్తదనీ, మన నాన్నలు కొండ మీద తవ్వేది కూడా ఇనుమేననీ వివరంగా చెప్పింది. పిల్లలు చాలా శ్రద్ధగా విన్నారు. ఆ పాఠం అంత బాగా అర్థం కావడం బాలవాడి చరిత్రలో మొదటిసారి.

మర్నాడు పొద్దున్న పైడమ్మ పొయ్యి రాజేస్తుంటే బుధ్రి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"మామ్మా, సింహాచలం దీవార్ తింటున్నాడు!"

వెళ్ళి చూస్తే నిజమే. బాలవాడి వెనక గోడకి దుమ్ము మందంగా పట్టి ఉంది. సింహాచలం గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, నాలుక చాపి కింది నుంచి పైకి నాకుతున్నాడు. గోడ మీద తడి చార తెల్లగా కనిపిస్తోంది.

"ఒరే ఒరే ఒరే! ఏట్రా అది?"

"బలం" అన్నాడు సింహాచలం ఎర్రటి నోటితో.

పైడమ్మ వాణ్ణి చంకనేసుకుని కుళాయి దగ్గరకి తీసుకుపోయి, నాలుక పట్టుకుని కొంగుతో తుడిచి, నోరు పుక్కిలింపించింది. వాడు ఏడవలేదు. ఎంత బలం వచ్చిందో చూపించడానికి పైడమ్మ చెయ్యి గట్టిగా కొరికాడు. సమ్మక్క పరిగెత్తుకొచ్చింది.

"నాదే తప్పు పెద్దమ్మా. గిట్ల జేస్తడని నాకేమెరుక?"

"నీ తప్పేటుంది తల్లీ. నువ్వు నిజమే సెప్పినావు. ఆడు నిజాన్నే నాకినాడు."

ఆ మధ్యాహ్నమే కొండ చట్టాన్ని పైడమ్మ మళ్ళీ గట్టిగా ప్రకటించింది. కాకపోతే ఈసారి ఒక సవరణ చేర్చింది. రాత్రంతా ఆలోచించిన సవరణేమీ కాదు. సింహాచలం నాలుక కడుగుతుంటే ఎర్రనీళ్ళు పోయి కిందనున్న నాలుక బయటపడింది కదా, అప్పుడు తట్టింది.

"వినండర్రా. కడిగితే పోయీ ఎరుపు కొండది. అది నోట్లో ఎడితే ఊరుకోను. కడిగినా పోని ఎరుపు సంతది. అది తినొచ్చు. కడిగీది మీరే, సూసీది మీరే."

అప్పట్నుంచి వంటకు ముందు విచారణ మొదలైంది. షెడ్డు ముందు పెద్ద బేసిను, దాని చుట్టూ పిల్లలు గొంతుక్కూర్చుని ఉండేవారు. ఒక్కొక్క క్యారెట్టునూ ముంచి, తోమి, ఎండలోకి ఎత్తి చూసేవారు. మొదటి నీళ్ళు ఎర్రగా వచ్చేవి, ఎందుకంటే లారీలో వచ్చిన దేన్నీ ఆ దుమ్ము వదలదు. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ కడిగేవారు. నీళ్ళు తేరుకునేవి, క్యారెట్టు మాత్రం ఎర్రగానే ఉండేది. బుధ్రి దాన్ని అందరికీ చూపించి, "సంతది" అని తీర్పు చెప్పేది. అలా క్యారెట్టు నిర్దోషిగా విడుదలైంది. టమాటా కూడా విడుదలైంది. సింహాచలం తను కడిగిన క్యారెట్టును ఇంకెవరి కంచంలోనూ పడనివ్వనని పట్టుబట్టి, పడిందన్న అనుమానంతో మూడు కంచాలు వెతికి, ఆఖరికి తన ముక్క తనే తినేశాడు. కంచాలు కాస్త తేలికై వెనక్కి రావడం మొదలైంది.

ఈ సవరణలో ఒక లొసుగుంది. అది పైడమ్మకి మొదటిరోజే తెలుసు. అందుకే బీట్‌రూట్‌ను సంతలోనే వదిలేసి వచ్చేది. లాల్ భాజీ అమ్మే ఆడవాళ్ళు పిలిచినా వినిపించుకోకుండా, మొహం ముల్లంగుల వైపు తిప్పుకుని నడిచేది.

కంచాలు తేలికయ్యాయన్న కబురు కాత్యాయని గారికి చేరింది. ఆవిడ ఎంత సంతోషించారంటే, కమిటీ ఆడవాళ్ళను ముగ్గురినీ, ఆ డాక్టరునూ వెంటబెట్టుకుని ఒకరోజు వంటవేళకి జీపులో దిగారు. ప్యూను వెనకాలే ఒక పెద్ద బుట్ట మోసుకొచ్చాడు. అది నిండా లాల్ భాజీ.

"మా బంగళా తోటలోది. విత్తనం దగ్గర్నుంచీ నా చేత్తో పెంచాను పైడమ్మా. చూడు ఎంత ఎరుపో!"

ఎరుపే. బుట్ట అడుగున తడిసిన గోనెపట్టా కూడా ఎర్రబడింది. పైడమ్మ దాన్ని చూసి, ఆవిడ మొహం చూసింది. పెద్దావిడ బుగ్గలు చిన్నపిల్లకి మల్లే మెరుస్తున్నాయి. బుట్ట అందుకుంది. పిల్లలు లోపల పద్యం చెబుతుండగా, బేసిను జోలికి పోకుండా షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి తనే కడిగి, నీళ్ళు గబగబా పారబోసి, వెల్లుల్లీ ఎండుమిర్చీ పోపు వేసి వండేసింది. ఇలా దొంగచాటుగా కూర వండడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. కూర మాత్రం అద్భుతంగా కుదిరింది.

వడ్డించారు. అన్నం మెల్లగా గులాబీ రంగులోకి, అక్కణ్ణుంచి ఎరుపులోకి తిరిగింది. ఒక్క చెయ్యి కూడా కంచం మీదకి రాలేదు. బుధ్రి లేచి నిలబడింది.

"మామ్మా, మేం కడగలేదు."

"నాను కడిగినానమ్మా."

"పానీ చూపించు."

"పారబోసీసినాను."

బుధ్రి బుట్టలో అడుగున మిగిలిన ఆకులు నాలుగు తీసుకుని బేసిను దగ్గరకి వెళ్ళింది. పిల్లలంతా వెనక నడిచారు. కమిటీ కూడా వెళ్ళింది, ఇదేదో కార్యక్రమంలో భాగమనుకుని. పిల్లలు ఆకుకూర కడిగితే కడిగినట్టుండదు, పిండినట్టుంటుంది. సింహాచలం రెండు చేతులతో నలిపాడు. నీళ్ళు చూస్తూ చూస్తూ ఎర్రబడ్డాయి. మార్చి మళ్ళీ నలిపారు. మళ్ళీ ఎర్రబడ్డాయి.

అందరూ పైడమ్మ వైపు తిరిగారు.

"ఇది ఆకు రంగు పిల్లలూ, దుమ్ము కాదు" అన్నాడు డాక్టరు. ఆయన మాట ఎవరూ వినిపించుకోలేదు. ఆయనకి బేసిను మీద అధికారం లేదు.

కాత్యాయని గారు పైడమ్మ దగ్గరకి వచ్చి మెల్లగా అన్నారు. "నువ్వొక్క మాట చెప్పు పైడమ్మా. తినమను. నీ మాటైతే వింటారు. వీళ్ళందరి ఎదుటా నా పరువు, నీ వంటగది, రెండూ నిలబడతాయి."

అది నిజం. తినండర్రా అంటే తింటారు. కూర మంచిది, తోట మంచిది, పెంచిన చెయ్యి మంచిది. పైడమ్మ నోరు తెరిచింది కూడా. ఎదురుగా సింహాచలం ఎర్రనీళ్ళు కారుతున్న రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్ళు నాకొచ్చా వద్దా అన్న ప్రశ్న మొహాన పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వద్దు నాయనా" అంది పైడమ్మ. "ఎర్రనీళ్ళొచ్చినాయి కదా. చేతులు కడుక్కోండి. మజ్జిగన్నం పెడతాను."

మజ్జిగ తెల్లనిది. దాని మీద కేసేమీ లేదు. పిల్లలు తిన్నారు. జీపు చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది, జీపుకి అది ఎలా సాధ్యమో తెలియదు. లాల్ భాజీ కూర పైడమ్మా సమ్మక్కా తిన్నారు. సాయంత్రం ప్యూను వచ్చి, సోమవారం నుంచి వంట ఉండదు, రొట్టె వస్తుంది అని చెప్పాడు.

పైడమ్మ గరిటె కడిగి చెంగులో చుట్టుకుని ఇంటికొచ్చింది. సంగతి విని జయ నిజంగానే నొచ్చుకుంది.

"పోనీలెండి అత్తయ్యా. ఆ పొగలో కళ్ళు పాడైపోతున్నాయి. హాయిగా కూర్చోండి."

పైడమ్మ కూర్చుంది. లోపల జయ చారు కాస్తోంది. ధనియాలు ఇంకాస్త వేగాలి. వేగకుండానే దింపేసింది. పైడమ్మ గోడ వైపు తిరిగి, చెంగులోని గరిటె తీసి, మళ్ళీ చుట్టి పెట్టింది.

సోమవారం గడిచింది. మంగళవారం మధ్యాహ్నం సమ్మక్క రొప్పుకుంటూ వరండాలోకొచ్చి చాప మీద కూలబడింది.

"పెద్దమ్మా, జర మంచినీళ్ళియ్యి. ఏం జెప్పాలె, ఆ రొట్టెల ముచ్చట!"

"తిన్నారా?"

"యాడ తిన్నరు? రొట్టె మంచిగనే వచ్చింది. దాని మీద పెట్టనీకె ఈ పెద్ద డబ్బా జాము తెప్పించిన్రు. మూత తీసినం. పెద్దమ్మా, ఎర్రగ నిగనిగలాడుతుంది, సూడనీకె రెండు కండ్లు సాలవు. బుధ్రి లేచింది."

"బేసినా?"

"ఇగ జెప్పుడెందుకు? తలా ఒక ముక్క తీస్కపోయి ముంచిన్రు. నీళ్ళు మొత్తం వాగు లెక్కనే ఎర్రగైనయి. రొట్టె కరిగి అడుగున పడ్డది. ఇయ్యాల కమిటీల ఒకామె వచ్చి తిట్టి తినిపిద్దామని జూసింది. గప్పుడే సైరనైంది. అందరు పొట్టలు పట్టుకొని గోడకు జరిగి కూసున్నరు. మామ్మ చెప్తేనే తింటమంటున్నరు."

పైడమ్మ నవ్వలేదు. రెండు రోజులుగా పిల్లలు ఏం తిన్నారని అడిగింది. జాము తగలని ఉత్త రొట్టె మాత్రమే అని సమ్మక్క చెప్పింది.

సాయంత్రం కాత్యాయని గారు స్వయంగా వచ్చారు. జయ గాభరాగా కుర్చీ తెచ్చి వేసింది. ఆవిడ చేతిరుమాలుతో కుర్చీ తుడిచి, రుమాలు చూసుకుని, మడిచి సంచిలో పెట్టుకుని కూర్చున్నారు. రుమాలు తెల్లగా ఉండే అవకాశం లేదు.

"నువ్వు చెబితే తింటారట."

"నాను సెప్పనమ్మగారూ."

"ఎందుకని? జాములో దుమ్ము లేదని నీకూ తెలుసు."

"జాములో లేదండి. సైడింగు కాడుంది. ఆ రెండిటికీ తేడా ఆళ్ళకి ఇప్పుడే తెల్దు. ఒకదాన్ని ఒగ్గేస్తే రెండోదీ ఒగ్గేస్తారు. ఆ బుధ్రి ఒకసారి బతికింది, మళ్ళీ..." పైడమ్మ మాట మార్చింది. "మీ తోటకూర మాత్రం శానా బాగుందమ్మగారూ. నానూ టీచరమ్మా తిన్నాం. మీకు సెప్పడం కుదర్లేదు."

కాత్యాయని గారు వీధిలోకి చూశారు. వీధిలో పిల్లలు దుమ్ములో పొర్లుతున్నారు. ఎవరి నోళ్ళు వాళ్ళు గట్టిగా మూసుకుని మరీ పొర్లుతున్నారు.

"సంతలో ఎర్రనివి కాక ఏమున్నాయి ఇప్పుడు?"

"శెనగాకుందండి లేతగా. మెంతికూరుంది. సిక్కుళ్ళు, ముల్లంగాకు, సేమదుంపలు..."

"ఆకుకూర ఏ రంగైనా పరవాలేదనే అంటున్నారు డాక్టరు గారు" అన్నారావిడ, యుద్ధంలో ఒక కోట వదులుకుంటున్న గంభీరతతో. "అయినా ఎర్రనిది తింటేనే రక్తం పడేది."

"పడతాదమ్మగారూ. పెద్దయ్యాక పడతాది."

ఎవరి సిద్ధాంతం వాళ్ళ దగ్గరే భద్రంగా ఉంచుకుని ఇద్దరూ లేచారు. బేకరీకి కబురు వెళ్ళింది. జయ గుమ్మంలో నిలబడి, "మళ్ళీ వెళతారా అత్తయ్యా?" అని అడిగింది. పైడమ్మ అప్పటికే చెంగులోంచి గరిటె తీసి కుళాయి కింద కడుగుతోంది.

మళ్ళీ పొయ్యి వెలిగిన మొదటిరోజు శెనగాకు పప్పు. నీళ్ళు తేటగా వచ్చాయి కాబట్టి బుధ్రి అభ్యంతరం చెప్పలేదు. కంచాల అంచున శెనగాకు గుట్టలు పడ్డాయి గానీ, మునుపటి కంటే చిన్నవి. తర్వాత చిక్కుడుకాయ నువ్వులపొడి, ఆ తర్వాత మెంతికూర వేసిన రొట్టెలు. మూడో వారం సంతలో నవనవలాడే వంకాయలు కనిపిస్తే పైడమ్మ బుట్టెడు తెచ్చింది. వాటిని బేసినులో వేస్తుండగా సింహాచలం దగ్గరకొచ్చి తీరిగ్గా ఒక సమాచారం అందించాడు.

"మామ్మా, కొండ మీద నీలం దుమ్ము కూడా ఉందట. మా నాన్న చెప్పాడు."

పైడమ్మ చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది. అది నిజమే. పిండిలా మెత్తగా ఉండే ఆ నీలపు ఖనిజం సంగతి సత్యమూర్తి కూడా ఎప్పుడో చెప్పాడు. వంకాయలు నీలంగా మెరుస్తూ బేసినులో తేలుతున్నాయి. పిల్లలంతా చుట్టూ చేరారు.

"మీ నాయనకి ఇంట్లో ఇంకేటీ మాటల్లేవేట్రా?" అంది. ఆపైన బేసిను వాడి వైపు జరిపి, "కడుగు, సూద్దాం" అంది.

కడిగారు. నీళ్ళు తేటగా నిలిచాయి. మళ్ళీ కడిగారు. బుధ్రి బేసినులోకి ముక్కు మునిగేంత వంగి చూసి లేచింది. "సంతది."

వంకాయ మెత్తగా మగ్గి, కారప్పొడితో ఘాటుగా కంచాల్లోకి వచ్చింది. సింహాచలం ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మొహం అష్టవంకర్లు పోయింది. ముక్కను బయటికి తీసి, కంచం అంచున, అన్నానికి తగలకుండా పెట్టాడు. పైడమ్మ ఆ ముక్క మీదకి వంగింది.

"ఏటి నాయనా? కొండా?"

"కాదు."

"మరేటి?"

"జిగురుగా ఉంది. బాలేదు."

పైడమ్మ వాడి ఎదురుగా నేల మీద చతికిలబడింది. బాలేదట. అంతే. ఇందులో చట్టం లేదు, కంపెనీ లేదు, డాక్టరు లేడు, కమిటీ లేదు. ఒక వంకాయ, దాన్ని వండిన మనిషి, దాన్ని ఇష్టపడని పిల్లాడు. ఇలాంటివాళ్ళను ఆమె బొబ్బిలిలో పెంచింది, ఇక్కడ పెంచింది, సత్యమూర్తి కూడా ఇలాంటివాడే. వీళ్ళతో ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు.

"అలగైతే రేపు సన్నగా కోసి, కరకరలాడీలాగ ఏపుతాను. తింటావా?"

"ఎంత సన్నగా?"

పైడమ్మ బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి చూపించింది. సింహాచలం ఆ సందులోకి ఒక కన్ను పెట్టి చూశాడు. తల అడ్డంగా ఊపి, ఆమె వేళ్ళను తన చేత్తో ఇంకొంచెం దగ్గరకి నొక్కాడు.

"ఓలమ్మో, అంత సన్నగా మీ నాయన డ్రిల్లు కూడా కొయ్యలేదురా" అంది పైడమ్మ, మోకాళ్ళ మీద చేతులు వేసి పైకి లేస్తూ. "సూద్దాం. బొబ్బిలి కత్తిపీటకి పదును పెట్టించాల."